ఆర్డర్ ఆఫ్ ది యారో: స్కౌట్ల గౌరవ సంఘం, చేరిక సన్నాహాలు

అమెరికా స్కౌట్ ఉద్యమంలో పుట్టిన గౌరవ సంఘం ఆర్డర్ ఆఫ్ ది యారో. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ రాష్ట్రాల నడుమ పారే డెలావేర్ నదిలో ట్రెజర్ ఐలాండ్ అనే లంక ఉంది. 1915 జులై 16 రాత్రి అక్కడ, ఫిలడెల్ఫియా స్కౌట్ల వేసవి శిబిరంలో ఈ సంఘం మొదలైంది. ఇందులో చేరడానికి దరఖాస్తు పెట్టుకునే పద్ధతి లేదు. ఇది పరీక్షలు నెగ్గి సంపాదించుకునే పతకమూ కాదు. తోటి పిల్లలు ఓటు వేసి ఎన్నుకోవాలి. నూరేళ్లు దాటిన ఈ సంఘంలో చాలా సంగతులు మారాయి గానీ ఈ మూల నియమం మాత్రం మారలేదు.

ఆ వేసవిలో శిబిరం బాధ్యత చూసినవాడు అర్నర్ గుడ్‌మన్. వయసు 24 ఏళ్లు. అతనికి సహాయకుడు కారల్ ఎడ్సన్, దాదాపు అదే ఈడువాడు. స్కౌట్ ప్రమాణాన్నీ నియమాలనూ రోజువారీ నడవడిలో చూపించే కుర్రాళ్లను ఎలా గుర్తించాలన్నది వాళ్ల ముందున్న ప్రశ్న. పెద్దలు మెచ్చి ఇచ్చే బహుమానం వాళ్లకు సరిపోదనిపించింది. ఒకే గుడారంలో పడుకుని, ఒకే పొయ్యి దగ్గర వండుకుని తిన్నవాళ్లకు తెలిసినంతగా మనిషి గుణం ఇంకెవరికి తెలుస్తుంది? అందుకే తీర్పు పిల్లల చేతికే వదిలారు. నా దృష్టిలో ఈ సంఘానికి ప్రాణం పోసిన నిర్ణయం ఇదే.

సంఘంలో చేర్చుకునే క్రతువులకు కావలసిన కథను ఆ ప్రాంతపు ఆదివాసులైన లెనాపేల సంప్రదాయం నుంచి, ఫెనిమోర్ కూపర్ నవల 'ది లాస్ట్ ఆఫ్ ది మోహికన్స్' నుంచి తీసుకున్నారు. ఆదివాసీ జీవన పద్ధతులను పిల్లల శిబిరాల్లోకి తెచ్చిన ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ ప్రసంగం ఎడ్సన్ మీద గట్టి ముద్ర వేసింది.

తొలి రోజుల్లో ఎంపికైన కుర్రాళ్లకు కళ్లకు గంతలు కట్టి, అందరినీ ఒకే తాడుతో కలిపి, చీకట్లో అడవి దారిన నడిపించేవారు. ఒకచోట పెద్ద చెట్టు మానును చేతులతో చుట్టమనేవారు. ఒక్కడి వల్ల కాదు, చేయీ చేయీ కలిపితే అందుతుంది. మరోచోట నిటారుగా ఉన్న గట్టు ఎక్కమనేవారు. కింద నుంచి ఒకరు ఎత్తి, పైనుంచి ఒకరు లాగితే తప్ప ఎక్కలేరు. సోదరభావం, సేవ అంటే ఏమిటో ఉపన్యాసం అక్కర లేకుండానే ఒంటికి తెలిసేది.

ఇరుగు పొరుగు శిబిరాలు కూడా దీన్ని అందుకున్నాయి. 1921లో స్థానిక శాఖల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో సమావేశమై జాతీయ స్థాయి నిర్మాణం ఏర్పరచుకున్నారు. ఈ శాఖలను లాడ్జిలంటారు. మరుసటి ఏడాది బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా దీన్ని ప్రయోగంగా ఒప్పుకుంది, 1934లో అధికారిక కార్యక్రమంగా ఆమోదించింది, 1948లో పూర్తిగా తనలో కలుపుకుంది. 1931 నుంచి గుడ్‌మనే ఆ సంస్థ జాతీయ కార్యక్రమాల డైరెక్టర్‌గా ఉన్నాడు. ఇలాంటి శిబిర సంఘాలు అప్పట్లో మరికొన్ని ఉండేవి. చాలావరకు కనుమరుగయ్యాయి. మిజోరీలో 1925లో పుట్టిన మిక్-ఓ-సే వంటివి మాత్రం ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఎన్నికకు నిలవాలంటే ముందు అర్హత కావాలి. స్కౌట్‌కు ఫస్ట్ క్లాస్ ర్యాంకు ఉండాలి. గడిచిన రెండేళ్లలో కనీసం 15 రాత్రులు క్యాంపింగ్ చేసి ఉండాలి. అందులో వరుసగా కనీసం ఐదు రాత్రులు సాగే పెద్ద శిబిరం ఒకటి తప్పనిసరి. మిగతా రాత్రులు వారాంతపు శిబిరాల వంటి చిన్న శిబిరాల్లో చేసినవి కావాలి. పెద్ద శిబిరానికి రెండుసార్లు వెళ్లినా లెక్కలోకి వచ్చేది ఒక్కటే. వేసవి శిబిరానికి మాత్రమే వెళ్లి, ఏడాది పొడవునా జరిగే శని ఆదివారాల శిబిరాలు ఎగ్గొట్టే పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. ఆపైన స్కౌట్ మాస్టర్ ఆమోదం కావాలి.

ఎన్నిక రోజున లాడ్జి నుంచి కొందరు స్కౌట్లు వచ్చి సంఘం గురించి చెప్పి, ఓటు చీటీలు పంచుతారు. ఓటు ట్రూపులోని, అంటే ఆ స్కౌట్ దళంలోని పిల్లలది, పెద్దలకు ఉండదు. ఓటర్లలో చాలామంది ఆ సంఘ సభ్యులు కారు. సభ్యులే కొత్త సభ్యులను ఏరుకునే మామూలు క్లబ్బుల పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. పడిన ఓట్లలో కనీసం సగం రావాలి. రానివాళ్లు మరుసటి ఏడాది మళ్లీ నిలబడవచ్చు. పన్నెండేళ్ల పిల్లవాడికి ఆ ఓటమి కష్టమే. అయినా ఓటు కోసం చేసే సన్నాహం ఏమిటని అడిగితే జవాబు ఒక్కటే: గిన్నెలు తోమే వంతు వచ్చినప్పుడు తప్పించుకోకపోవడం, కొత్తగా చేరిన చిన్నవాడి గుడారం వాన గాలికి కూలితే లేచి వెళ్లి నిలబెట్టడం. ప్రచారం చేసుకుంటే వచ్చేది కాదు.

ఎంపికైనవారి పేర్లను శిబిరంలో మంట ముందు ప్రకటించడం పాత ఆనవాయితీ. పూర్వం భుజం మీద మూడుసార్లు చరిచి పిలిచేవారు. ఆ దెబ్బలు కొన్నిచోట్ల శ్రుతి మించడంతో క్రమంగా ఆ పద్ధతి మానేసి, పేరు పెట్టి పిలవడంతో సరిపెడుతున్నారు.

ఆ తర్వాతి మెట్టు ఆర్డీల్, అంటే సంఘ ప్రవేశ దీక్ష. ఇది ఒక వారాంతంలో ముగుస్తుంది. తొలి రాత్రి ఒక్కొక్కరూ విడివిడిగా ఆరుబయట పడుకోవాలి. తెల్లవారాక రోజంతా మౌనంగా శిబిరం పనులు చేయాలి. కాలిబాటలు బాగుచేయడం, కట్టెలు పేర్చడం, వంతెనలకు మరమ్మతులు చేయడం వంటివి. ఆహారం కొద్దిగానే పెడతారు, మంచినీళ్లు ఎన్నైనా తాగవచ్చు. అదివరకే దీక్ష పూర్తయిన ఒక సభ్యుడు ఎలాంగోమాట్ పేరుతో కొత్తవాళ్లతో పాటు మౌనం పాటించి, అంతే తిని, అదే పని చేస్తాడు. ఆజ్ఞాపించేవాడి కంటే కలిసి కష్టపడేవాడు దారి చూపించడం ఈ దీక్షలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే సంగతి.

దీనికి సంచిలో పెట్టుకోవలసినవి స్లీపింగ్ బ్యాగు, కింద పరుచుకునే పట్టా, వాన కోటు, పని బట్టలు, చేతి తొడుగులు, నీళ్ల సీసా, పూర్తి యూనిఫాం, ఆరోగ్య పత్రం. చక్కెర వ్యాధి, ఆస్తమా వంటివి ఉన్నా, రోజూ వేసుకునే మందులున్నా ముందే చెప్పాలి. మందులు మానడం, ఒంటికి పడకపోయినా ఉపవాసం ఉండడం దీక్షలో భాగం కావు. ర్యాగింగ్‌కు స్కౌటింగ్ నియమాలు అసలు ఒప్పుకోవు. క్రతువుల వివరాలు కొత్తవాళ్ల ఉత్సుకత చెడకూడదని బయట చెప్పరు గానీ ఇది రహస్య సంఘం కాదు. తల్లిదండ్రులు అడిగితే అన్నీ వివరిస్తారు. ఆందోళన ఉన్నవాళ్లు మొహమాటపడకుండా అడగాలి.

దీక్ష పూర్తయితే ఎర్ర బాణం గుర్తున్న తెల్లని పట్టీ భుజం మీదుగా వేస్తారు. ఆరు నెలల తర్వాత బ్రదర్‌హుడ్ స్థాయి, ఆపైన కనీసం రెండేళ్ల సేవకు గుర్తింపుగా లాడ్జి ఎంపిక చేస్తే విజిల్ అనే అత్యున్నత గౌరవం దక్కుతాయి. సేవ మాటల్లో ఆగిపోలేదు. 2008లో ఆరోకార్ప్స్5 పేరుతో ఐదు జాతీయ అటవీ ప్రాంతాల్లో వేలమంది సభ్యులు కాలిబాటలు వేశారు, అడవులకు చేటు చేసే మొక్కలను తొలగించారు.

ఈ సంఘం క్రతువుల్లో ఆదివాసుల వేషభాషలను పరాయి పిల్లలు అనుకరించడం మీద ఆదివాసీ సమాజాల నుంచి చాలాకాలంగా అభ్యంతరాలున్నాయి. అవి న్యాయమైనవే. ఒక జాతికి పవిత్రమైన దుస్తులు వేరొకరి శిబిరంలో వేషం కాకూడదు. 2019 నుంచి చిన్న పిల్లల విభాగమైన కబ్ స్కౌట్ల క్రతువుల్లో సభ్యులు ఆ దుస్తులు ధరించకుండా సంఘం ఆంక్ష పెట్టింది. అదే ఏడాది స్కౌట్ ట్రూపుల్లోకి వచ్చిన బాలికలకూ సంఘంలో ప్రవేశం దొరికింది. మాతృసంస్థ బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా 2025లో స్కౌటింగ్ అమెరికాగా పేరు మార్చుకుంది.

మన దేశంలో 1950లో ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో రాజ్య పురస్కార్, రాష్ట్రపతి పురస్కారం వంటివి పరీక్షలు నెగ్గినవారికి దక్కుతాయి. అమెరికాలో స్కౌట్ ట్రూపుల్లో చేరిన తెలుగు పిల్లలకూ మెరిట్ బ్యాడ్జిలు, ఈగిల్ ర్యాంకు సొంత కృషితో అందుతాయి. బాణం పట్టీ మాత్రం తోటివాళ్లు ఓటేస్తేనే వస్తుంది. కాబట్టి ఆ పిల్లల తల్లిదండ్రులు బ్యాడ్జిల లెక్కతో పాటు వారాంతపు శిబిరాల రాత్రుల లెక్క కూడా మొదటి నుంచీ చూసుకోవాలి.