కాలిన గాయాలను మాన్పే వృక్షజన్య పదార్థాలు

నిప్పు, వేడినీరు, మరిగిన నూనె, విద్యుత్తు, రసాయనాలు మొదలైన వాటి వలన చర్మానికి, దాని కింది కండరాలకు కలిగే గాయాలను కాలిన గాయాలు అంటారు. ఇవి మానడానికి తోడ్పడే పదార్థాలు కొన్ని మొక్కలలో ఉన్నాయి. వీటిలో కొన్ని ఆయుర్వేదంలోను, పల్లె వైద్యంలోను చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. కొన్నింటిని ఆధునిక వైద్యం శుద్ధిచేసి, రోగులపై పరీక్షించి స్వీకరించింది. ఇంటిలో వాడదగినవి పైపైన కాలిన చిన్న గాయాలకు మాత్రమే, అదీ గాయాన్ని నీటితో చల్లబరచిన తరువాతనే ఉపకరిస్తాయి.

గాయం లోతు

చికిత్స గాయం లోతునుబట్టి ఉంటుంది. పైపొర మాత్రమే కాలితే చర్మం ఎర్రబడి మండుతుంది. రెండవ పొర వరకు కాలితే బొబ్బలు లేస్తాయి. చర్మం పూర్తిగా కాలితే తెల్లగా గాని నల్లగా గాని మారి, నరాలు కూడా దెబ్బతినడం వలన అక్కడ నొప్పి తెలియకపోవచ్చు. నొప్పి లేదు కదా అని అశ్రద్ధ చేయరాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 12వ అధ్యాయంలో కాలిన గాయాలను ప్లుష్టము, దుర్దగ్ధము, సమ్యగ్దగ్ధము, అతిదగ్ధము అని నాలుగు రకాలుగా విభజించారు. గాయాన్ని తిప్పతీగ ఆకులతో గాని, నీటిమొక్కల ఆకులతో గాని కప్పాలని అందులో చెప్పబడింది.

ఉద్దానం - జీడి నూనె

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి పరిసరాలలోని ఉద్దానం తీరప్రాంతం కొబ్బరి, జీడిమామిడి తోటలకు ప్రసిద్ధి. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు కేంద్రం. జీడిపిక్క పెంకులోని నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలు ఉంటాయి. ఈ నూనె తగిలితే చర్మం కాలినట్లయి పొక్కులు లేస్తాయి. అందువలన పిక్కలు కొట్టి పప్పు తీసేవారు చేతులకు ముందుగా వేరే నూనె రాసుకోవడం లేదా చేతితొడుగులు వేసుకోవడం అవసరం. జీడి నూనె అంటితే వెంటనే సబ్బుతో, ధారాళమైన నీటితో కడగాలి. మొక్క నుండి వచ్చినదేదీ హాని చేయదనే నమ్మకం సరికాదనడానికి ఇదే నిదర్శనం.

ముఖ్యమైన మొక్కలు, పదార్థాలు

కలబంద: ఆకులోపలి తెల్లని గుజ్జులో ఎసిమన్నాన్ వంటి బహుశర్కరలు ఉంటాయి. ఇవి గాయాన్ని తడిగా ఉంచి, కొత్త కణాల పెరుగుదలకు తోడ్పడతాయి. 2007లో ప్రచురితమైన ఒక సమీక్షలో నాలుగు పరిశోధనలలోని 371 మంది ఫలితాలను పరిశీలించగా, కలబంద వాడినవారికి గాయాలు సుమారు 9 రోజులు ముందుగా మానినట్లు తేలింది. అయితే ఆ పరిశోధనల పద్ధతులు ఒకే తీరుగా లేవు. ఆకు తొక్క కింద ఉండే పసుపుపచ్చని సొనలోని అలోయిన్ చర్మానికి మంట కలిగించవచ్చు. కనుక ఆ సొనను కడిగివేయాలి.

సరస్వతి ఆకు (మండూకపర్ణి): ఇందులోని ఏషియాటికోసైడ్, మడెకాసోసైడ్ అనే పదార్థాలు చర్మానికి బలమిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తి తయారీని పెంచుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ప్రచురించిన ఔషధ మొక్కల సంపుటిలో గాయాలు, కాలిన పుండ్ల చికిత్సకు ఈ మొక్కను పేర్కొంది.

పసుపు: ఇందులోని కర్కుమిన్ వాపును తగ్గిస్తుంది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు లభించింది. ఇది తరతరాల భారతీయ విజ్ఞానమేనని భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి పాత గ్రంథాల ఆధారాలతో సవాలు చేయగా, 1997లో అది రద్దయింది. అయినా కాలిన పుండుపై వంటింటి పసుపు చల్లరాదు. అది శుభ్రమైనది కాకపోవచ్చు. పైగా దాని రంగు వలన గాయం లోతు వైద్యునికి తెలియదు.

అనాస: అనాస కాండంలోని బ్రొమెలైన్ వంటి ఎంజైములు మాంసకృత్తులను కరిగిస్తాయి. వీటితో తయారైన నెక్సోబ్రిడ్ అనే మందు లోతుగా కాలిన గాయాలలోని మృతచర్మాన్ని తొలగిస్తుంది. దీనికి ఐరోపా సమాఖ్యలో 2012లోను, అమెరికాలో 2022లోను అనుమతి లభించింది. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట ఏజెన్సీలో అనాస విరివిగా పండుతుంది. అయితే పండు రసం ఈ మందుకు ప్రత్యామ్నాయం కాదు. ఈ మందును ఆసుపత్రిలో నిపుణులే వాడాలి.

అరటి ఆకు: ఇది మందు కాదు, కట్టు మాత్రమే. సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేసిన అరటి ఆకును కాలిన గాయాలపై కట్టుగా వాడిన అనుభవాన్ని ముంబయి శస్త్రవైద్యులు 2003లో ప్రచురించారు. మైనపు పొర ఉండడం వలన ఆకు పుండుకు అంటుకోదు. కట్టు మార్చేటప్పుడు నొప్పి తక్కువ, ఖర్చు కూడా స్వల్పం.

ప్రథమ చికిత్స, జాగ్రత్తలు

కాలిన వెంటనే ఆ భాగాన్ని 20 నిమిషాల పాటు చల్లని మంచినీటి ధార కింద ఉంచాలి. మంచుగడ్డ పెట్టరాదు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసివేయాలి. బొబ్బలు చిదపరాదు. దోసెపిండి, సిరా, పళ్ళపొడి, పేడ, కిరోసిన్ వంటివి పూయడం ప్రమాదకరం. వేడి తగ్గకముందే నూనె రాయడం కూడా మంచిది కాదు. శుభ్రమైన పలుచని గుడ్డతో గాయాన్ని కప్పాలి.

వేళ్ళతో సహా రోగి అరచేయి అతని శరీర వైశాల్యంలో సుమారు 1 శాతం ఉంటుంది. గాయం అరచేయికంటె పెద్దదైనా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్ళు, మర్మాంగాలు కాలినా, విద్యుత్తు వలన కాలినా, రోగి పసివాడైనా, వృద్ధుడైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇందుకు 108 అంబులెన్సును పిలవవచ్చు. ధనుర్వాతం టీకా విషయం కూడా వైద్యుని అడగాలి.

పెద్ద గాయాలలో శరీరంలోని ద్రవాలు తగ్గిపోయి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి అధికంగా ఉన్న ఉద్దానంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. అక్కడివారు వైద్యుని అడగకుండా నొప్పిమాత్రలు మింగరాదు. పెరటిలోని కలబంద చిన్న గాయానికి సాయపడగలదు గాని, పెద్ద గాయానికి ఆసుపత్రి చికిత్సే ప్రాణరక్షణ.