దోమల నియంత్రణలో చిన్న చేపలు: ఒక చారిత్రక పరిశీలన

4.1 నేపథ్యం

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ జీర్ణాశయంలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. అంతకుముందు చెడుగాలే ఈ జ్వరానికి మూలమని చాలామంది నమ్మేవారు. ఈ పరిశోధన తరువాత ప్రజారోగ్య అధికారుల దృష్టి నిలవ నీటి మీదికి మళ్ళింది. ఎగిరే దోమను చంపడం కంటే లార్వాగా ఉన్నప్పుడే నిర్మూలించడం సులభం. అనాఫిలిస్ లార్వా గాలి పీల్చుకోవడానికి నీటి ఉపరితలానికి సమాంతరంగా తేలుతూ ఉంటుంది. అందువల్ల నీటి పైభాగంలో మేసే చిన్న చేపలకు అది తేలికగా దొరుకుతుంది.

4.2 స్వదేశీ చేపలు, విదేశీ చేప

ఇటువంటి చేపలు మన దేశంలో లేకపోలేదు. తలపై వెండి చుక్క ఉండే పాంచాక్స్ అందుకు ఒక ఉదాహరణ. దోమల నిర్మూలనకు పనికివచ్చే భారతీయ చేపలపై సీమోర్ సెవెల్, బి.ఎల్. చౌధురి రాసిన గ్రంథం 1912లోనే కలకత్తాలో వెలువడింది. అయినా 1928లో ఇటలీ నుంచి గంబూషియా చేపను తెప్పించారు. దీని స్వస్థలం ఉత్తర అమెరికా. 1905లో దీనిని టెక్సాస్ నుంచి హవాయి దీవులకు, 1920వ దశకంలో ఐరోపాకు తరలించారు. ఇది గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలను కంటుంది. త్వరగా వృద్ధి చెందుతుంది. వేడిని, కొంత ఉప్పదనాన్ని, మురికిని తట్టుకుంటుంది.

4.3 డి.డి.టి. యుగం

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత డి.డి.టి. రాకతో చేపల ప్రాధాన్యం తగ్గింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1965 నాటికి కేసులు సుమారు 1 లక్షకు తగ్గాయి. కాని దోమలు మందును తట్టుకునే శక్తిని సంపాదించాయి, పర్యవేక్షణ సడలింది. 1976లో కేసులు దాదాపు 64 లక్షలకు చేరాయి. దీనితో చేపలు, మురుగు పారుదల వంటి పాత పద్ధతులు మళ్ళీ ముందుకు వచ్చాయి.

4.4 మూల్యాంకనం

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. 1928లో గంబూషియాకు సుగుణాలుగా కనిపించినవే తరువాత దోషాలయ్యాయి. ఎక్కడైనా బతికి, వేగంగా పెరిగే ఈ చేప లార్వాలతో ఆగదు. స్థానిక చేపల గుడ్లను, పిల్లలను, కప్పల తోకకప్పలను కూడా తింటుంది. అందుకే ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో దీనికి చోటు దక్కింది. పైగా టైర్లలో, కొబ్బరి చిప్పలలో, కూలర్లలో పెరిగే డెంగ్యూ దోమను చెరువులో వదిలిన చేప అదుపు చేయలేదు.

కాబట్టి ఒక ప్రజారోగ్య చర్యను అంచనా వేసేటప్పుడు అది ఎన్ని దోమలను తగ్గించిందన్న లెక్కతో సరిపెట్టకండి. ఆ నీటిలో అంతకుముందు ఏ జీవులు ఉండేవి, తరువాత ఏవి మిగిలాయి అన్నది కూడా చరిత్ర విద్యార్థి వేయవలసిన ప్రశ్నే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

స్వదేశీ చేపల గురించి తెలిసి కూడా విదేశీ చేపను ఎంచుకోవడం వల్ల కలిగిన లాభనష్టాలను 10 పంక్తులలో చర్చించండి.