ఆటో అతనిది, అప్పు ఆమెది: విడాకుల్లో ఆస్తి, బాకీల పంపకం

"విడిపోతే నాకేమొస్తుంది?" అని అడిగేవాళ్ల కంటే "డ్వాక్రా బాకీ ఎవరు కట్టాలి?" అని అడిగే ఆడవాళ్లే మాకు ఎక్కువగా ఎదురవుతున్నారు. పరిశోధన పని మీద జంపని, వేమూరు చుట్టుపక్కల దళితవాడల్లో తిరుగుతూ వింటున్న మాట ఇది. విడాకుల మీద తెలుగులో వచ్చే సలహాలు ఫ్లాటు ఎవరికి, డిపాజిట్లు ఎవరికి అన్న దగ్గర మొదలవుతాయి. తెనాలి–రేపల్లె రైలు దారి వెంట ఉన్న ఈ ఊళ్లలో కూలి, కౌలు మీద బతికే ఇంట్లో ఫ్లాటు ఉండదు. సెంటున్నర ఇంటి స్థలం, ఒక ఆటో, తాకట్టులో ఉన్న రెండు మూడు సవర్ల బంగారం, నాలుగు రకాల బాకీలు ఉంటాయి. అందుకే ఈ వ్యాసంలో బాకీలకే ఎక్కువ చోటిచ్చాం.

ముందు చట్టం సంగతి. పెళ్లయ్యాక సంపాదించినదంతా భార్యాభర్తలిద్దరిదీ అని చెప్పే చట్టం మన దేశంలో లేదు. పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ నడుస్తున్న గోవా మినహాయింపు. అమెరికాలో కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో కాపురంలో సంపాదించిన ఆస్తినీ, చేసిన అప్పునూ ఇద్దరి ఖాతాలో వేసి సగం సగం చేస్తారు. ఇక్కడ కాగితం మీద పేరు ఎవరిదైతే ఆస్తి వాళ్లది, సంతకం ఎవరిదైతే అప్పు వాళ్లది. హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ ఉన్నా, అది పెళ్లి సమయంలో ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన కానుకల వరకే మాట్లాడుతుంది. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే సవరణ బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించింది, లోక్‌సభలో అది గట్టెక్కలేదు. 2014లో ఆ సభతోపాటే మురిగిపోయింది. ఇంటి చాకిరీ చేసిన భార్యకు భర్త పేరున కొన్న ఆస్తిలో సగం వాటా ఉందని 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు చెప్పింది. మన కోర్టులు దాన్ని పాటించి తీరాలని లేదు, వాదనలో చూపించుకోవచ్చు.

"సంతకం ఎవరిదైతే అప్పు వాళ్లది" అనే సూత్రం వినడానికి న్యాయంగానే ఉంటుంది. పల్లెలో అప్పు ఎలా పుడుతుందో తెలిసినవాళ్లకు అందులోని మోసం అర్థమవుతుంది. బ్యాంకు పొదుపు సంఘానికి అప్పిస్తుంది, సంఘంలో ఉండేది ఆడవాళ్లు. మైక్రోఫైనాన్స్ కంపెనీ ఏజెంటు కూడా ఆడవాళ్ల సంతకమే అడుగుతాడు. డబ్బు చేతికొచ్చిన సాయంత్రానికి అది ఆటో డౌన్‌పేమెంటుగానో, కౌలు సొమ్ముగానో మారుతుంది. ఆటో రిజిస్ట్రేషన్ భర్త పేరున, కౌలు మాట భర్త పేరున. కాపురం ఉన్నంతకాలం ఇది కనబడదు. విడిపోయిన రోజున ఆస్తి ఒకవైపు, దాని బాకీ ఇంకోవైపు తేలతాయి. ఆమె వాయిదా తప్పితే సంఘం మొత్తానికి తర్వాతి అప్పు ఆగుతుంది. కాబట్టి ఆమెను నిలదీసేది బ్యాంకు కంటే ముందు పక్కింటి వదినే.

ఒక లెక్క వేద్దాం. ఇది ఊహించిన ఇల్లు, అంకెలూ ఊహించినవే. డ్వాక్రా అప్పులో 80,000 మిగిలి ఉంది, ఆమె పేరున, డబ్బు ఆటోకు వెళ్లింది. మైక్రోఫైనాన్స్ 40,000, ఆమె పేరున, ఇంటి కప్పుకు. బంగారం మీద 90,000, అతని పేరున, కానీ తాకట్టులో ఉన్నవి ఆమె పుట్టింటివాళ్లు పెట్టిన నగలు. కౌలు పెట్టుబడికి రైతు దగ్గర ప్రామిసరీ నోటు మీద 60,000, అతని సంతకం. మొత్తం 2,70,000. సంతకాల లెక్కన ఆమెకు 1,20,000, అతనికి 1,50,000. పెద్దమనుషులకు ఇది ధర్మంగానే కనబడుతుంది, అతనే ఎక్కువ మోస్తున్నాడు కదా అంటారు.

డబ్బు ఎక్కడికి పోయిందని చూస్తే లెక్క మారుతుంది. ఆటో అతనితో వెళ్తుంది, దాని 80,000 కూడా వెళ్లాలి. నగలు ఆమెవి, విడిపించి ఇవ్వాల్సింది అతను. ఇల్లు ఆమెకు ఉంటే కప్పు బాకీ 40,000 ఆమె కట్టుకోవాలి. కౌలు పంట ఇద్దరూ తిన్నారు, నష్టమొచ్చినా ఇద్దరిదీ, చెరో 30,000. ఈ లెక్కన ఆమె వంతు 70,000, అతని వంతు 2,00,000. డ్వాక్రా కోసం అతను ఇవ్వాల్సిన 80,000లోంచి నోటులో ఆమె సగం తీసేస్తే, చేతికి 50,000 ఇచ్చి, నగలు విడిపించి అప్పగించాలి. ఈ లెక్కను ఏ చట్టమూ రాసిపెట్టలేదు. పరస్పర అంగీకార విడాకుల పిటిషన్‌లో రాసుకుంటే కోర్టు దాన్ని డిక్రీలో చేరుస్తుంది. అప్పుడది అమలు చేయించుకోదగ్గ హక్కు అవుతుంది.

ఇక్కడ ఒక మెలిక. "డ్వాక్రా బాకీ భర్త కడతాడు" అని ఒప్పందంలో రాసినంత మాత్రాన బ్యాంకు అతన్ని అడగదు, ఆ కాగితంలో బ్యాంకు పక్షం కాదు. అతను ఎగ్గొడితే నోటీసు ఆమెకే వస్తుంది. అందుకని అతను కడతాడన్న మాట మీద సంతకం పెట్టకుండా, కోర్టులో రెండో విడత వాంగ్మూలానికి ముందే ఆ సొమ్ము అప్పు ఖాతాలో జమ చేయించుకోవాలి. నగలదీ అంతే. తాకట్టు ఎవరి పేరున ఉంటే బ్యాంకు వాళ్ల చేతికే ఇస్తుంది. నగలు అందాయని ఆమె రాసిచ్చేది, అవి ఆమె చేతిలో పడ్డాకే.

నగల మీద చట్టం గట్టిగానే ఉంది. పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తర్వాత ఆమెకు పెట్టినది స్త్రీధనం, భర్తకు దానిపై యాజమాన్యం లేదని సుప్రీంకోర్టు 1985లో చెప్పింది, 2024 ఏప్రిల్‌లో మళ్లీ చెప్పింది. అవసరానికి వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందే. అదే ఏడాది ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో ఇంకో కోణం తేలింది. అమెరికాలో విడాకులు తీసుకుని అక్కడే ఆస్తి వ్యవహారాలు తేల్చుకున్న ఒక తెలుగు మహిళ తండ్రి, ఏళ్ల తర్వాత కూతురి నగల కోసం మాజీ అత్తమామల మీద కేసు పెట్టారు. స్త్రీధనం ఆ స్త్రీదే, ఆమె అధికారం ఇవ్వకుండా తండ్రి అడగలేడని కోర్టు కేసు కొట్టేసింది. పుట్టింటివాళ్లు తిరిగొచ్చిన నగల్ని తమవిగా లెక్కేసుకునే మన ఇళ్లలో ఈ తీర్పు గుర్తుంచుకోదగ్గది. అంబేడ్కర్ హిందూ కోడ్ బిల్లులో కట్నాన్ని ఆ అమ్మాయి పేరున ట్రస్టు ఆస్తిగా ఉంచాలని, 18 ఏళ్లు నిండాక ఆమె దాన్ని అడిగి తీసుకోవచ్చని ప్రతిపాదించారు. ఆ బిల్లు ముందుకు కదలకపోవడం 1951 సెప్టెంబర్‌లో ఆయన రాజీనామాకు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది.

భూమి, స్థలం

2020 డిసెంబర్ నుంచి ప్రభుత్వం పల్లెల్లో ఇచ్చిన సెంటున్నర ఇంటి పట్టాలు ఆడవాళ్ల పేరునే ఉన్నాయి. "ఇల్లు కట్టింది నేను" అని భర్త అన్నంత మాత్రాన స్థలం అతనిది కాదు. స్థలం భర్త పేరునో మామ పేరునో ఉన్నా, 2005 గృహహింస చట్టం కింద ఆమె కాపురం చేసిన ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఇల్లు అత్తమామలదైనా ఈ రక్షణ ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆస్తి అమ్మకుండా, బ్యాంకు ఖాతా ఖాళీ చేయకుండా కూడా అదే చట్టం కింద ఆపించవచ్చు.

డి-పట్టా భూమి వేరే కథ. పాత డి-పట్టాలు ఎక్కువగా మగవాళ్ల పేరునే ఉన్నాయి. 1977 అసైన్డ్ భూముల చట్టం అమ్మకం, దానం, తాకట్టు, కౌలు అన్నిటినీ నిషేధించింది. దళితుల భూమి చేజారకుండా పెట్టిన ఈ కంచె, విడాకుల వేళ భార్యకు అడ్డు గోడ అవుతుంది. ఆ భూమి అమ్మించి వాటా అడగలేదు, భరణానికి హామీగా పెట్టించలేదు. ఇరవై ఏళ్లు దాటిన భూములకు అమ్ముకునే హక్కు ఇస్తూ 2023లో సవరణ వచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లను ఆపి పరిశీలన మొదలుపెట్టారు. విడాకులైతే ఆమె వారసురాలు కాదు, పిల్లల వారసత్వం మాత్రం ఎక్కడికీ పోదు. కాబట్టి ఎకరమో అరెకరమో డి-పట్టా ఉన్న ఇంట్లో, భూమిలో రాని వాటాకు బదులు బాకీల్లో ఆమె వంతు తగ్గించమని అడగడం న్యాయమని మా అభిప్రాయం.

పెద్దమనుషుల కాగితం

ఇక్కడి దళితవాడలకు కోర్టు మీద నమ్మకం తక్కువ, దానికి కారణమూ ఉంది. 1991 చుండూరు హత్యల కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసిన సంగతి పక్క ఊళ్లన్నిటికీ తెలుసు. మొగుడూపెళ్లాల తగువు పెద్దమనుషుల దగ్గరే తేలుతుంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద "ఒకరిపై ఒకరికి ఎలాంటి హక్కులూ లేవు" అని రాయించి వేలిముద్రలు తీసుకుంటారు. కులాచారం ప్రకారం విడాకులను హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఒప్పుకుంటుంది. కానీ ఆ ఆచారం నిజంగా ఉందని సాక్ష్యాలతో రుజువు చేయాలి. కాగితం దానంతటదే విడాకులు కాదు. అందులో భరణం వదులుకున్నానని రాసినా ఆ హక్కు పోదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. పిల్లల భరణాన్ని వదులుకునే అధికారం తల్లికి అసలే లేదు.

ఇంకో సంగతి తక్కువమంది మాట్లాడతారు. తీర్పరిగా కూర్చున్న ఆసామే కౌలు భూమి యజమాని కావొచ్చు, నోటు రాయించుకున్నదీ ఆయనే కావొచ్చు. "ముందు నా బాకీ సంగతి తేల్చండి" అని ఆయన అననక్కర్లేదు, కాగితం రాసే వరసలోనే అది తేలిపోతుంది. నోటు బాకీ ఉన్న మనిషి ఆ పంచాయితీలో ఉంటే, ఆ లెక్క వేరేచోట చేయమని అడగొచ్చు. అడగడం ఎంత కష్టమో మాకు తెలుసు.

చర్చిలో పెళ్లి, ఎస్సీ సర్టిఫికెట్ రెండూ ఉన్న ఇళ్లు ఇక్కడ ఎన్నో. క్రైస్తవ వివాహంగా నమోదైతే విడాకులు 1869 చట్టం కింద అడగాలి, పరస్పర అంగీకారానికి రెండేళ్లు విడిగా ఉండాలని అందులో ఉంది. ఆ పిటిషన్‌లో "మేం క్రైస్తవులం" అని రాసి సంతకం పెట్టాలి. మతం మారినవాళ్లకు ఎస్సీ హోదా వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పాక, ఆ ఒక్క వాక్యం పిల్లల సర్టిఫికెట్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. వకీలుతో మాట్లాడకుండా ఆ కాగితం మీద సంతకం చేయొద్దు. భరణం, ఇల్లు, నగలు మాత్రమే కావాలంటే గృహహింస చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ చాలు. ఈ రెండూ అన్ని మతాలవారికీ ఒకటే.

"వాడు కూలివాడు, ఏమిస్తాడు?" అనే మాట ప్రతి పంచాయితీలో వస్తుంది. ఒళ్లు వంచగలిగిన మనిషి కష్టం చేసైనా భార్యాపిల్లల్ని పోషించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. భరణం కేసులో ఇద్దరూ ఆస్తులు, అప్పులు అన్నీ అఫిడవిట్‌లో రాయాలని 2020 నవంబర్ తీర్పులో ఉంది. డ్వాక్రా డబ్బు ఆటోకు పోయిందని కోర్టుకు చెప్పాల్సింది ఆ అఫిడవిట్‌లోనే. భరణం కేసు వేసిన తేదీ నుంచి లెక్కిస్తారు. అందుకని కేసు వేయడం వాయిదా వేస్తే ఆ నెలలు పోయినట్టే.

రేపల్లెకో బాపట్లకో కాపురానికి వెళ్లి జంపనికి తిరిగొచ్చిన అమ్మాయి, ఇప్పుడు తానుంటున్న ఊరికి వర్తించే కోర్టులోనే హిందూ వివాహ చట్టం కింద కేసు వేసుకోవచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే వకీలును ఇస్తుంది. దగ్గరి కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీలో అర్జీ ఇవ్వాలి, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. వెళ్లేముందు సంఘం పుస్తకం, అప్పు వచ్చిన రోజు బ్యాంకు ఎంట్రీ, ఆటో రిజిస్ట్రేషన్ కాపీ, తాకట్టు రసీదు, పెళ్లి ఫోటోల్లో నగలు కనబడేవి ఫోన్‌లో తీసిపెట్టుకోవాలి. ఆ నెల సంఘం సమావేశంలో అప్పు దేనికి తీసుకున్నారో తీర్మానం పుస్తకంలో రాసి ఉంటే, ఆ పేజీ ఫోటో తప్పకుండా.