ఓడినవాడు మళ్ళీ రమ్మంటే

1897 మార్చి 17న నెవాడా రాష్ట్రంలోని కార్సన్ సిటీలో హెవీవెయిట్ ఛాంపియన్ జిమ్ కార్బెట్‌కు పద్నాలుగో రౌండ్‌లో ఒక దెబ్బ తగిలింది. తల మీద కాదు, దవడ మీద కాదు. గుండెకు కాస్త కింద, డొక్కలు కలిసేచోట. స్పృహ ఉంది, ఊపిరి అందడం లేదు. తాడు పట్టుకుని లేవాలని చూశాడు, చేయి అందలేదు. ఈలోగా రిఫరీ పది లెక్కపెట్టేశాడు. కాస్త తేరుకోగానే కార్బెట్ కోపం పట్టలేక బాబ్ ఫిట్జ్‌సిమన్స్ మీదికి మళ్ళీ వెళ్ళబోయాడు. అతని బాధకు కారణం లేకపోలేదు. ఆరో రౌండ్‌లో ఫిట్జ్‌సిమన్స్ కూలబడినప్పుడు లెక్క నెమ్మదిగా సాగిందని, లేకుంటే అక్కడే పందెం ముగిసేదని అతని ఫిర్యాదు.

ఇంకొక్కసారి తలపడదామని కార్బెట్ వెంటపడ్డాడు. ఫిట్జ్‌సిమన్స్ ఒప్పుకోలేదు. నాటకాలేసుకుంటూ ఊళ్ళు తిరిగాడు, రెండేళ్ళపాటు టైటిల్‌ను పందెంలో పెట్టలేదు. చివరికి 1899 జూన్‌లో బరిలోకి దిగింది కూడా కార్బెట్ మీదికి కాదు, జేమ్స్ జెఫ్రీస్ మీదికి. పదకొండో రౌండ్‌లో టైటిల్ పోయింది.

గెలిచినవాడు ఓడినవాడికి మరో అవకాశం బాకీ పడతాడా అన్న వాదన అప్పటినుంచీ నలుగుతూనే ఉంది. టెన్నిస్‌లో ఈ గొడవ లేదు. వచ్చే ఏడాది టోర్నమెంట్ ఎలాగూ వస్తుంది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అలాంటి క్యాలెండర్ ఏదీ లేదు. ఎవరు ఎవరితో ఎప్పుడు తలపడాలన్నది ప్రమోటర్లు, లాయర్లు, టీవీ కంపెనీలు కూర్చుని తేల్చుకునే బేరం. ఆ బేరంలో ఛాంపియన్ చేతిలో ఎప్పుడూ ఒక తురుపుముక్క ఉంటుంది. ‘నేను రిటైరవుతున్నా’ అంటే చాలు, ఎదుటివాడు ఇక ఏమీ చెయ్యలేడు.

ఫిట్జ్‌సిమన్స్‌ను ఓడించిన జెఫ్రీస్ ఆ ముక్కను 1905లో వాడాడు. ఓటమి ఎరుగకుండా తప్పుకున్నాడు. తప్పుకునేముందు నల్లవాడైన జాక్ జాన్సన్‌కు టైటిల్ పోటీ అవకాశం ఇవ్వలేదన్నది ఆ రిటైర్మెంట్‌కు అంటిన మచ్చ. 1908లో జాన్సన్ సిడ్నీలో ఛాంపియన్ అయ్యాక తెల్లవాళ్ళ పరువు నిలబెట్టాలంటూ జెఫ్రీస్‌ను పొలం నుంచి లాక్కొచ్చారు. ఒళ్ళు బాగా పెరిగిన మనిషి, కిలోలకు కిలోలు తగ్గి 1910 జులై 4న రీనోలో నిలబడ్డాడు. పదిహేనో రౌండ్‌లో పందెం ముగిసింది. ఆ రాత్రి అమెరికాలో చాలాచోట్ల అల్లర్లు జరిగి ప్రాణాలు పోయాయి.

జీన్ టనీ కథ దీనికి పూర్తిగా తిరగబడిన కథ. 1926 సెప్టెంబర్‌లో ఫిలడెల్ఫియా వానలో లక్షకు పైగా జనం చూస్తుండగా జాక్ డెంప్సీని పది రౌండ్ల పాయింట్లతో ఓడించాడు. ఏడాది తిరగకుండానే, 1927 సెప్టెంబర్ 22న, షికాగోలోని సోల్జర్ ఫీల్డ్‌లో రీమ్యాచ్ ఇచ్చాడు. ఏడో రౌండ్‌లో డెంప్సీ దెబ్బలకు టనీ జీవితంలో మొదటిసారి నేలకూలాడు. పడగొట్టినవాడు దూరంగా ఉన్న తటస్థ మూలకు వెళ్ళాకే లెక్క మొదలుకావాలన్నది ఆ పోటీ నిబంధన. డెంప్సీ పాత అలవాటు కొద్దీ టనీ మీదే కాచుకుని నిలబడ్డాడు. రిఫరీ డేవ్ బ్యారీ అతన్ని మూలకు తోలేసరికి కొన్ని సెకన్లు గడిచిపోయాయి. టనీ తొమ్మిది దగ్గర లేచాడు. నిజానికి అప్పటికి పద్నాలుగు సెకన్ల దాకా అయివుంటుందని లెక్క. తర్వాతి రౌండ్‌లో తనే డెంప్సీని కింద పడేసి పాయింట్లతో గెలిచాడు.

ఆ రాత్రికి టనీకి దక్కింది 9,90,000 డాలర్లు. ప్రమోటర్ టెక్స్ రికర్డ్‌కు తేడా సొమ్ము తనే ఇచ్చి, పది లక్షల డాలర్ల చెక్కు రాయించుకున్నాడు. మరుసటి ఏడు టామ్ హీనీని ఓడించి, ఛాంపియన్‌గానే తప్పుకుని, ఆ అక్టోబర్‌లో రోమ్‌లో పెళ్ళి చేసుకున్నాడు. మళ్ళీ పోటీ రింగ్‌లో కాలు పెట్టలేదు. పద్నాలుగు సెకన్ల గోల జీవితాంతం వెంటాడినా, డెంప్సీకి అవకాశం ఇవ్వలేదన్న మాట మాత్రం టనీని ఎవరూ అనలేకపోయారు.

హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయీ లెక్క అంత తేలిగ్గా తెమలలేదు. 1947 డిసెంబర్ 5న జెర్సీ జో వాల్కాట్ అతన్ని రెండుసార్లు కింద పడేశాడు. ఓడిపోయాననుకుని లూయీ తీర్పు వినకుండానే రింగ్ దిగిపోబోయాడు. జడ్జీలు మాత్రం చీలిక తీర్పుతో అతన్నే గెలిపించారు. జనం ఈలలు వేసి ఎగతాళి చేశారు. కాగితం మీద వాల్కాట్‌కు ఏ హక్కూ లేదు. అయినా లూయీ 1948 జూన్‌లో మళ్ళీ పిలిచి పదకొండో రౌండ్‌లో నాకౌట్ చేసి, 1949 మార్చిలో రిటైరయ్యాడు. అక్కడే ఆగివుంటే బాక్సింగ్ చరిత్రలో ఇంతకన్నా మర్యాదైన నిష్క్రమణ మరొకటి ఉండేది కాదు. పన్ను బకాయిలు ఆగనివ్వలేదు. 1950లో ఎజర్డ్ చార్ల్స్ చేతిలో, 1951లో రాకీ మార్సియానో చేతిలో ఓడాడు. అదే మార్సియానో 1956లో 49 పోటీల్లో 49 గెలిచి తప్పుకున్నాడు. వాల్కాట్‌కూ చార్ల్స్‌కూ రీమ్యాచ్‌లు ఇచ్చేశాడు గనుక వెనక్కి పిలిచే బాకీదారుడు మిగల్లేదు.

మర్యాద మీద నడిచిన ఈ వ్యవహారం 1950ల చివరికల్లా పూర్తిగా కాగితాల్లోకి ఎక్కింది. ఛాంపియన్ ఓడితే తిరిగి పోటీ పెట్టి తీరాలని ఒప్పందంలోనే రాసుకోవడం మామూలైంది. ఈ షరతు ఎవరి కోసమో గమనించాలి. ఇది ఛాంపియన్‌కు కట్టే బీమా. సవాలు చేసినవాడు ఓడితే అతనికి ఏ షరతూ లేదు.

ఫ్లాయిడ్ ప్యాటర్సన్ ఆ బీమా మేలూ చూశాడు, కీడూ చూశాడు. 1959 జూన్‌లో స్వీడన్ బాక్సర్ ఇంగెమార్ యోహాన్సన్ మూడో రౌండ్‌లో అతన్ని ఏడుసార్లు కూల్చాడు. ఏడాదికి రీమ్యాచ్‌లో ప్యాటర్సన్ అయిదో రౌండ్‌లో నాకౌట్ చేసి, పోగొట్టుకున్న హెవీవెయిట్ టైటిల్‌ను తిరిగి గెలిచిన మొదటివాడయ్యాడు. 1962లో సోనీ లిస్టన్ అతన్ని రెండు నిమిషాల ఆరు సెకన్లలో పడగొట్టాడు. ప్యాటర్సన్ దొంగ గడ్డం పెట్టుకుని ఊరు దాటాడు. అయినా షరతు షరతే. 1963 జులైలో లాస్ వేగస్‌లో మళ్ళీ దిగాడు. ఈసారి రెండు నిమిషాల పది సెకన్లు. నాలుగు సెకన్లు ఎక్కువ నిలబడడానికి అదే మనిషి చేతిలో రెండోసారి తన్నులు తిన్నాడు.

రీమ్యాచ్ ఇవ్వడమే నేరమైన సందర్భాలూ వచ్చాయి. మహమ్మద్ అలీ 1964లో లిస్టన్‌ను ఓడించి రీమ్యాచ్‌కు ఒప్పుకోగానే వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్ అతని టైటిల్‌ను గుర్తించడం మానేసింది. ఆ పోటీని బోస్టన్ వదిలించుకుంటే మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్ అనే చిన్న ఊళ్ళో, రెండున్నర వేల మంది కూడా లేని హాల్లో జరిపారు. మొదటి రౌండ్‌లోనే లిస్టన్ పడిపోయాడు. ఆ పంచ్ నిజంగా తగిలిందా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. 1978లో లియాన్ స్పింక్స్ అలీని ఓడించి, కెన్ నార్టన్‌ను పక్కనపెట్టి అలీకే రీమ్యాచ్ ఇస్తానంటే వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ అతని బెల్ట్ లాగేసుకుంది. సెప్టెంబర్‌లో అలీ గెలిచాడు, మరుసటి ఏడాది రిటైరయ్యాడు. అదీ నిలవలేదు. 1980లో లారీ హోమ్స్ చేతిలో, 1981లో ట్రెవర్ బెర్బిక్ చేతిలో చావుదెబ్బలు తిన్నాడు. 1984లో పార్కిన్సన్స్ వ్యాధి ఉందని తేలింది.

వీటన్నిటికన్నా ముదిరిన కేసు షుగర్ రే లెనార్డ్‌ది. 1982 నవంబర్‌లో బాల్టిమోర్‌లో పెద్ద సభ పెట్టి, తనతో తలపడాలని ఎదురుచూస్తున్న మిడిల్‌వెయిట్ ఛాంపియన్ మార్విన్ హ్యాగ్లర్‌ను అతిథిగా కూర్చోబెట్టి, ఆ పోటీ ఎన్నటికీ జరగదని అందరిముందూ ప్రకటించాడు. అయిదేళ్ళలో ఒకే ఒక్క బౌట్ ఆడి, 1987 ఏప్రిల్ 6న అదే హ్యాగ్లర్ ముందుకొచ్చాడు. అంతకుముందే బేరంలో సగం గెలిచాడు. హ్యాగ్లర్‌కు ఎక్కువ సొమ్ము వదిలేసి, పదిహేను రౌండ్లకు బదులు పన్నెండు, పెద్ద రింగ్, బరువైన గ్లవ్స్ రాయించుకున్నాడు. తప్పించుకు తిరిగేవాడికి ఇంతకన్నా కావలసిందేముంది? తీర్పు చీలింది. ఒక జడ్జి 115-113తో హ్యాగ్లర్ అన్నాడు, ఇంకొకరు అవే అంకెలతో లెనార్డ్ అన్నారు, మూడో అతను 118-110తో లెనార్డ్‌కు కట్టబెట్టాడు. ఆ మూడో కార్డును సమర్థించడం ఎవరికైనా కష్టమే.

హ్యాగ్లర్ రీమ్యాచ్ అడిగాడు. లెనార్డ్ మే నెలలోనే మళ్ళీ రిటైర్మెంట్ ప్రకటించాడు. హ్యాగ్లర్ ఏడాదికి పైగా చూసి, 1988 జూన్‌లో తనే విరమించుకుని ఇటలీ వెళ్ళి సినిమాల్లో వేషాలు వేసుకున్నాడు. అతను వెళ్ళిన అయిదు నెలలకే లెనార్డ్ రింగ్‌లోకి తిరిగొచ్చి డానీ లలాండ్‌తో తలపడ్డాడు! రిటైరయ్యే హక్కు ఎవరికైనా ఉంటుంది. దాన్ని ఒక మనిషిని తప్పించుకునే దారిగా వాడుకోవడం మాత్రం మోసమే. తర్వాత కబురు పంపితే హ్యాగ్లర్ పట్టించుకోలేదు. 2021 మార్చిలో చనిపోయేదాకా మరో బౌట్ ఆడలేదు.

ఓడినవాడు మళ్ళీ అవకాశం కోసం రోడ్డెక్కడం మన తెలుగువాళ్ళకూ కొత్త కాదు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2019 మేలో గువాహటిలో మేరీ కోమ్ చేతిలో ఓడింది. అదే ఏడాది ఒలింపిక్ క్వాలిఫయర్‌కు ట్రయల్ లేకుండానే మేరీ కోమ్‌ను పంపబోతే, నేరుగా కేంద్ర క్రీడామంత్రికి ఉత్తరం రాసింది. డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. 9-1తో మేరీ కోమే గెలిచింది, ఓడిన అమ్మాయితో చేయి కలపలేదు. 2022 మేలో నిఖత్ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఇది అమెచ్యూర్ బాక్సింగ్, కొలతలు వేరు. అడిగే గొంతు మాత్రం కార్బెట్‌దే.

హెవీవెయిట్ ఛాంపియన్ లెనాక్స్ లూయిస్ విషయానికొస్తే తీర్పు ఇంకా చిక్కు. 2001 ఏప్రిల్‌లో అతను ‘ఓషన్స్ ఎలెవెన్’ సినిమాలో నటించి, దక్షిణాఫ్రికాకు ఆలస్యంగా వెళ్ళి, హసీమ్ రహ్మాన్ చేతిలో నాకౌటయ్యాడు. రహ్మాన్ జారుకోబోతే కోర్టుకెళ్ళి, ఒప్పందంలోని షరతు చూపించి రీమ్యాచ్ సాధించాడు. నవంబర్‌లో నాలుగో రౌండ్‌లో పడగొట్టాడు. రీమ్యాచ్ విలువ అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

2003 జూన్ 21న లాస్ ఏంజెలెస్‌లో లూయిస్‌కు, గాయపడిన ప్రత్యర్థి కిర్క్ జాన్సన్ బదులు రెండు వారాల ముందు పిలిపించిన విటాలీ క్లిచ్కో ఎదురయ్యాడు. లూయిస్ వయసు 37, బరువు 256 పౌండ్ల పైచిలుకు, అతని జీవితంలోనే ఎక్కువ. మూడో రౌండ్‌లో లూయిస్ పంచ్‌కు క్లిచ్కో ఎడమ కన్ను పైభాగం చీలింది. ఆరో రౌండ్ తర్వాత డాక్టర్ పోటీ ఆపేయించాడు. అప్పటికి ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ 58-56తో క్లిచ్కోదే ఆధిక్యం. ముఖమంతా రక్తంతో ఉన్నా ఆడతానని అతను మొత్తుకున్నాడు. రీమ్యాచ్ మాట నడిచింది, బేరం కుదరలేదు. 2004 ఫిబ్రవరి 6న లూయిస్ లండన్‌లో రిటైర్మెంట్ ప్రకటించాడు.

పారిపోయాడన్నారు చాలామంది. కోర్టుకెళ్ళి రీమ్యాచ్ తెచ్చుకున్నవాడు ఇంకొకడికి ఇవ్వకపోవడం బాగాలేదన్నది నిజమే. కానీ లూయిస్ బెల్ట్ పట్టుకుని కూర్చోలేదు. వదిలేశాడు. క్లిచ్కో ఆ ఏప్రిల్‌లోనే కారీ శాండర్స్‌ను ఓడించి అదే వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ బెల్ట్ తెచ్చుకున్నాడు. గాయాలతో 2005 నవంబర్‌లో అతనే రిటైరైతే ఎదురుచూస్తున్న రహ్మాన్‌కు పోటీ లేకుండానే టైటిల్ దక్కింది. క్లిచ్కో తమ్ముడు వ్లాదిమీర్ 2017లో ఆంథొనీ జాషువా చేతిలో ఓడాక, రీమ్యాచ్ హక్కు చేతిలో ఉండీ వాడుకోకుండా ఆగస్టులో రిటైరయ్యాడు. అతన్ని పిరికివాడని ఎవరూ అనలేదు.

ఛాంపియన్‌ను తప్పుపట్టాలంటే రీమ్యాచ్ ఎగ్గొట్టి వెళ్ళినందుకు కాదు, ఎదుటివాడు అలసిపోయాక తిరిగొచ్చినందుకు. లూయిస్ తిరిగి రాలేదు. 2003 జూన్ నాటిదే అతని చివరి పోటీ. లెనార్డ్ మాత్రం ఎన్నిసార్లు వెళ్ళాడో అన్నిసార్లు వచ్చాడు. 1997 మార్చిలో నలభై ఏళ్ళ వయసులో హెక్టర్ కమాచో ముందు దిగి, అయిదో రౌండ్‌లోనే ఓడిపోయాడు.