షీల్డ్ వైరు కొన ఎక్కడ కట్టాలి? 170 ఏళ్లు పట్టిన జవాబు

4440 ఐసీ బోర్డుతోనో, టీడీఏ2030తోనో ఇంట్లో ఆంప్లిఫయర్ కట్టుకున్నవాళ్లకి ఈ ఎపిసోడ్ గొడవేంటో ముందే తెలుసు. పాట ఇంకా పెట్టలేదు, స్పీకర్‌లో మాత్రం 'గుయ్' మని ఒకటే మోత. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపులో అడిగినా వచ్చే మొదటి సలహా షీల్డ్ వైర్ వెయ్యమనే. వేస్తాం. ఒక్కోసారి మోత పోతుంది. ఒక్కోసారి ఇంకా పెరుగుతుంది! ఎందుకు పెరుగుతుందో చెప్పేవాళ్లు తక్కువ. మనం షీల్డ్‌ని గోడ అనుకుంటాం. నిజానికి అది కూడా ఒక తీగే, దాంట్లోనూ కరెంటు పారుతుంది. ఆ కరెంటు ఎటు పోవాలి అన్నది తేలడానికి పెద్ద పెద్ద ఇంజనీర్లకే చాలా కాలం పట్టింది.

గోడ అన్న ఐడియా మైకేల్ ఫారడే దగ్గర మొదలైంది. 1836లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన 12 అడుగుల ఘనం ఒకటి కట్టించాడు. చెక్క ఫ్రేము, దాని చుట్టూ రాగి తీగలు, కాగితం, తగరపు రేకు. బయటి వైపు ఛార్జ్ ఎక్కించి, నిప్పురవ్వలు లేస్తుంటే తాను లోపల కూర్చున్నాడు. వెలిగించిన కొవ్వొత్తులు, ఎలక్ట్రోమీటర్లు పెట్టుకుని చూశాడు. లోపల ఏమీ తెలియలేదు. మన షీల్డ్ వైరు మీద అల్లిక ఆ గదినే సన్నగా గొట్టంలా సాగదీసినట్టు అన్నమాట.

కానీ ఆయన ఆపింది విద్యుత్ క్షేత్రాన్ని. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం వేరే జాతి. 50 హెర్ట్జ్ దగ్గర అది రాగిలో సుమారు 9 మిల్లీమీటర్లు దూరితేగాని దాదాపు మూడో వంతుకి తగ్గదు. మన వైరు మీద అల్లిక మందం ఎంత? వెంట్రుకంత తీగలు. అంటే ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి వైరు లాగితే ఎంత ఖరీదైన షీల్డ్ వేసినా దండగే.

దీనికి మందు కనిపెట్టింది టెలిఫోన్ వాళ్లు. మొదట్లో ఫోన్‌కి కూడా టెలిగ్రాఫ్ లాగే ఒకటే తీగ, తిరుగుదారి భూమి. పక్క తీగలో టెలిగ్రాఫ్ టకటకలు ఫోన్‌లోకి దూరేవి. 1881లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ రెండు తీగల్ని మెలిపెట్టి వాడే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఒక మెలికలో పట్టుకున్న రొద పక్క మెలికలో ఎదురుగా వచ్చి కొట్టుకుపోతుంది. రూపాయి ఖర్చు లేదు, చేత్తో తిప్పితే చాలు. దానికి ఒక్క ఏడాది ముందు, 1880లో, ఆలివర్ హెవిసైడ్ ఇంగ్లండ్‌లో కోయాక్సియల్ కేబుల్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన 16 ఏళ్లకే బడి మానేసిన టెలిగ్రాఫ్ ఆపరేటర్. బీటెక్ ఉన్న నాలాంటోడు ఇక్కడ మాట్లాడకుండా ముందుకెళ్లడం మంచిది.

ఇప్పుడు ఇంట్లో కట్టుకునేవాళ్ల దగ్గరికి వద్దాం. 1947 ఏప్రిల్, మే నెలల్లో బ్రిటన్ పత్రిక వైర్‌లెస్ వరల్డ్‌లో డీటీఎన్ విలియమ్సన్ అనే కుర్రాడు (ఇంకా పాతికేళ్లు నిండలేదు) ఒక ఆంప్లిఫయర్ డిజైన్ ప్రచురించాడు. 15 వాట్లు, డిస్టార్షన్ 0.1 శాతం లోపు. దాన్ని చూసి ఎందరో ఇళ్లలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నారు. అందులో వాడిన కేటీ66 వాల్వు ఫిలమెంటుకి 6.3 వోల్టుల ఏసీ కావాలి, ఒక్కోదానికి సుమారు 1.3 ఆంపియర్లు. అంత ఏసీ సిగ్నల్ పక్కనే తిరుగుతుంటే హమ్ రాదా మరి? అందుకే వాల్వు సెట్లు కట్టేవాళ్లు ఆ రెండు తీగల్ని గట్టిగా మెలిపెట్టి డబ్బా మూలల వెంబడి తీసుకెళ్లేవారు. బెల్ మంత్రమే.

షీల్డ్‌కి ఇంకో రేటు కూడా కట్టాలి: కెపాసిటెన్స్. మీటరుకి సుమారు 100 పికోఫారడ్‌లు ఉండే కేబుల్‌ని 100 కిలోఓమ్‌ల సోర్స్‌కి తగిలిస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర్నుంచే ట్రెబుల్ పడిపోతుంది. మీటర్ల కొద్దీ లోపల చుట్టి పెట్టకండి.

అసలు ప్రమాదం డబ్బా బయట మొదలైంది. రెండు డబ్బాలకీ ఎర్త్ ఉంది, మధ్యలో షీల్డ్ ఉంది. కలిపితే ఒక పెద్ద ఉంగరం, అంటే గ్రౌండ్ లూప్. దాంట్లో కరెంటు తిరిగితే హమ్ వస్తుంది. ఎర్త్ తీసేస్తే లూప్ తెగుతుంది, మోత ఆగుతుంది. ఆ సుఖానికి అలవాటుపడినవాళ్లు ఎందరో! 1972 మేలో వేల్స్‌లోని స్వాన్సీలో 'స్టోన్ ద క్రోస్' బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ స్టేజి మీద ఎర్త్ సరిగా లేని మైక్ ముట్టుకుని షాక్‌తో చనిపోయాడు. వయసు 27. హమ్ పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను పీకెయ్యమని చెప్పే వీడియోలు నాకూ కనిపిస్తుంటాయి. వాటిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది మోతని ఆపే పిన్ను కాదు, మిమ్మల్ని కాపాడే పిన్ను.

తెగ్గొట్టాల్సింది ఎర్త్ కాదని 1995లో నీల్ మన్సీ ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో వివరంగా రాశాడు. చాలా పరికరాల్లో కేబుల్ షీల్డ్ వచ్చి చేరే పిన్ను, అంటే ఎక్స్‌ఎల్‌ఆర్‌లో ఒకటో పిన్ను, లోహపు డబ్బాకి కాకుండా సర్క్యూట్ బోర్డు గ్రౌండ్‌కి కలిసి ఉంది. బయటి చెత్త కరెంటంతా మన సిగ్నల్ నడిచే దారిలోనే నడుస్తోంది. 'పిన్ 1 ప్రాబ్లమ్' అని దానికి పేరే పడిపోయింది. 2005లో అదే సొసైటీ ఏఈఎస్48 అనే స్టాండర్డ్ తెచ్చింది: షీల్డ్‌ని లోపలికి రాగానే, దగ్గరి దారిలో, డబ్బాకి కట్టండి.

ఇక మన 4440 డబ్బాలో షీల్డ్ వేశాక మోత ఎందుకు పెరిగింది? లెఫ్ట్, రైట్ రెండు షీల్డ్‌లనీ సాకెట్ దగ్గరా, బోర్డు దగ్గరా కట్టేసి ఉంటే డబ్బాలోపలే ఉంగరం తయారవుతుంది, పక్కనే ట్రాన్స్‌ఫార్మర్. రెండు కోర్ల షీల్డ్ వైరు తీసుకోండి. సిగ్నల్, గ్రౌండ్ లోపలి కోర్లలో వెళ్లాలి, అల్లికని సాకెట్ వైపు మాత్రమే డబ్బాకి కట్టాలి, బోర్డు వైపు కత్తిరించి టేపు చుట్టాలి. డబ్బాకి పౌడర్ కోటింగ్ ఉంటే అల్లికని కట్టే స్క్రూ కింద పెయింట్ గీకండి, లేదంటే ఎంత బిగించినా కనెక్షన్ ఉండదు. ప్లగ్ పీకేసి, మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, ఒక ప్రోబ్ లావు పిన్ను మీద, ఇంకోటి డబ్బా లోహం మీద పెట్టి చూడండి. బీప్ రాకపోతే సాకెట్ సంగతి తర్వాత, ముందు ఆ ఎర్త్ వైరు వెతకండి.