చిన్న తెరచాప పడవల మరమ్మతు (హైదరాబాద్)

పాతబడిన లేదా దెబ్బతిన్న చిన్న పడవను విప్పి ఆరబెట్టడం, పగుళ్లు పూడ్చి నునుపు చేయడం, దాన్ని మోసే ట్రాలీని, ట్రెయిలర్‌ను బాగుచేయడం ఈ పని కిందికి వస్తాయి. హైదరాబాద్‌లో ఈ అవసరం ప్రధానంగా హుస్సేన్ సాగర్ మీద తిరిగే తెరచాప పడవలకు, హైటెక్ సిటీ పక్కనున్న దుర్గం చెరువులో పర్యాటకులు ఎక్కే బోట్లకు పడుతుంది. వీటిలో ఎక్కువ భాగం ఫైబర్‌తో చేసినవే. ఇది సముద్రం లేని ఊరు కనుక ఉప్పునీటి తుప్పు బెడద లేదు. ఇక్కడ పడవను పాడుచేసేది ముందుగా ఎండ, ఆ తర్వాత లోపల నిలిచిన తడి.

పడవలు, వాటి కాలం

హుస్సేన్ సాగర్‌లో ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, లేజర్ క్లాస్ అసోసియేషన్ కలిసి హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలు నడుపుతాయి. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ మాన్‌సూన్ రెగట్టా నిర్వహిస్తుంది. పిల్లలు నేర్చుకునేది ఆప్టిమిస్ట్ మీద. అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ 1947లో రూపొందించిన ఈ పడవ పొడవు సుమారు 2.3 మీటర్లు, ఖాళీ ఒడలి (హల్) బరువు 35 కిలోలు. పెద్దవాళ్లది లేజర్. పొడవు 4.2 మీటర్లు, ఒడలి బరువు దాదాపు 59 కిలోలు. పేద కుటుంబాల పిల్లలకు ఈ ఆటలో చోటు కల్పించడం యాట్ క్లబ్ చేసిన మంచి పని. అక్కడ ఎదిగిన ప్రీతి కొంగర 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 470 మిక్స్‌డ్ విభాగంలో పోటీపడింది. కొత్త పడవ ఖరీదు అందరికీ అందేది కాదు. పాత పడవ ఒకటి బాగుపడిందంటే ఇంకో పిల్లకు నీటి మీద చోటు దొరికినట్టే.

పోటీలు వానాకాలపు గాలులను నమ్ముకుని సాగుతాయి. అందువల్ల మరమ్మతులు మండే మార్చి నుంచి మే లోపు ముగియాలి. రెసిన్ పనికి అంతకంటే కష్టకాలం లేదు.

ముందు తడి సంగతి

మెరుగు పెట్టే ముందు పడవను తూచాలి. లేజర్ ఉండవలసిన దానికన్నా నాలుగైదు కిలోలు ఎక్కువ తూగితే లోపలి ఫోమ్ నీళ్లు తాగిందని అనుమానించాలి. డెక్‌కు చిన్న మూత బిగించే రంధ్రం కోసి, గాలి ఆడేలా వారాల తరబడి నీడన ఆరనివ్వాలి. తెరచాప కొయ్య దిగే గుంత మరో అనుమానపు చోటు. దాన్ని నీటితో నింపి, మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి కొంతసేపు వదిలేస్తారు. నీరు గీత కిందికి దిగితే గుంత అడుగున కారుతోందన్నమాట. గాలి బలంగా వీచినప్పుడు కొయ్య ఆ చోటునే పట్టి ఊపుతుంది. ఆ గుంత పగిలితే పడవ నడినీటిలో పనికిరాకుండా పోతుంది. ఈ ఒక్క పరీక్షను ఎవరూ వదిలిపెట్టకూడదు. ఆప్టిమిస్ట్‌లో చూడవలసింది గాలి సంచులు మూడూ నిలబడుతున్నాయా లేదా అన్నదే.

రెసిన్ పని

విరిగిన చోటును ఉన్నపళంగా పుట్టీతో పూడిస్తే కొద్దిరోజులకే ఊడుతుంది. పగులు చుట్టూ ఫైబర్‌ను వాలుగా అరగదీయాలి. మందం 3 మిల్లీమీటర్లయితే వాలు దానికి పన్నెండు రెట్లు, అంటే 36 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ వాలు మీద గాజునార మ్యాట్ ముక్కలను ఒకదాని మీద ఒకటి పరిచి, రెసిన్ తడిపి, రోలర్‌తో బుడగలు నొక్కేయాలి. తెల్లగా కనిపించే చోట రెసిన్ అందలేదని అర్థం.

మన దుకాణాల్లో రెసిన్, దాన్ని గట్టిపరిచే కోబాల్ట్, కెటలిస్టు విడివిడిగా దొరుకుతాయి. కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో బాగా కలిపాకే కెటలిస్టు పోయాలి. ఆ రెండింటినీ నేరుగా కలిపితే మంట అంటుకోవచ్చు, పేలనూ వచ్చు. కెటలిస్టు సాధారణంగా రెసిన్‌లో 1 నుంచి 2 శాతం. ఎండకు త్వరగా గడ్డకడుతుందని భయపడి కెటలిస్టును మరీ తగ్గిస్తే రెసిన్ పూర్తిగా గట్టిపడదు. దానికన్నా తెల్లవారుజామున పని మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా కలిపి, మగ్గులో కాక వెడల్పాటి పళ్లెంలో పలచగా పోసుకోవడం మేలు. లోతైన మగ్గులో అది తన వేడికి తానే ఉడికి చేతిలోనే గడ్డకడుతుంది.

పై పూత జెల్‌కోట్. దాని మందం అర మిల్లీమీటరు మాత్రమే. గాలి తగిలితే పైన జిగట పోదు కనుక ప్లాస్టిక్ షీటు కప్పుతారు, లేదా మైనపు ద్రావణం కలుపుతారు. ఆరాక 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 600, 800, 1000 దాకా నీళ్లు పోస్తూ రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్‌తో బఫింగ్ చేసి, చివర మైనం పెడతారు. అత్యుత్సాహంతో అరగదీస్తే కింది మ్యాట్ బయటపడుతుంది. రంగు కుదర్చాలంటే పాత పూతకు ముందు మెరుగు పెట్టి, పసుపు తిరిగిన పొర పోయాకే దానితో కొత్త రంగును సరిపోల్చాలి. వినాయక నిమజ్జనం తర్వాత నీళ్లలో మిగిలిన కర్రలు, ఇనుప చట్రాలు తగిలితే ఈ పూతే ముందు గీసుకుపోతుంది. రుద్దే ధూళి ఊపిరితిత్తులకు హాని, కెటలిస్టు చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా కుర్రవాళ్లను ఈ పనిలో పెట్టడం అన్యాయం.

ట్రాలీ, ట్రెయిలర్

ఒడ్డు నుంచి నీటిలోకి దించే చేతి ట్రాలీ వేరు, రోడ్డు మీద కారు లాగే ట్రెయిలర్ వేరు. లేజర్ ట్రాలీలో పడవ బరువు అంచుల మీద పడాలి. అడుగు భాగం రెండు ఇరుకైన పట్టీల మీద నెలల తరబడి ఆనితే, హైదరాబాద్ ఎండకు మెత్తబడి అక్కడ సొట్ట పడుతుంది. అలాంటి సొట్టను తిరిగి సరిచేయడం కష్టం.

ట్రెయిలర్ చట్రానికి మంచి రక్షణ కరిగిన జింకులో ముంచి తీసే పూత. ఆ స్తోమత లేకపోతే తుప్పు గీకి, జింకు ప్రైమర్ వేసి, రెండు పూతల పెయింటు కొట్టాలి. ఇలాంటి వెల్డింగు, ఇనుప పనులకు బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామిక వాడల్లో పనివాళ్లు దొరుకుతారు. చక్రాల బేరింగులను మరిచిపోకూడదు. దూరం నుంచి వచ్చి వేడెక్కిన హబ్‌ను వెంటనే నీటిలో దించితే అది చల్లబడి ముడుచుకునేటప్పుడు నీటిని లోపలికి పీలుస్తుంది. మూత తీసి చూసినప్పుడు గ్రీజు పాలలా తెల్లబడి ఉంటే నీరు చేరినట్టే. అప్పుడు బేరింగులు కడిగి, గరుకుపడినవి మార్చి కొత్త గ్రీజు నింపాలి. మోటారు వాహనాల చట్టం, 1988 నిర్వచనంలో ట్రెయిలర్ కూడా వాహనమే కనుక రోడ్డెక్కే ట్రెయిలర్‌కు రిజిస్ట్రేషన్, పనిచేసే వెనక లైట్లు తప్పనిసరి. చేతి ట్రాలీకి ఇవేవీ అక్కర్లేదు.