24కి 18 వస్తే బ్రిటిషర్!

"1066లో ఏం జరిగింది?"

"హేస్టింగ్స్ యుద్ధం."

"ఎనిమిదో హెన్రీకి భార్యలెంతమంది?"

"ఆరుగురు. వరసగా పేర్లు చెప్పమంటావా?"

వద్దులే బాబూ అన్నాను. ఓ నెల రోజులపాటు మా ఆఫీసు కాంటీన్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదే భాగోతం. పరీక్ష రాసేది నా పక్క సీటు పోలండ్ మిత్రుడు. లండన్ వచ్చి పదేళ్ళు దాటింది, ఇక పౌరసత్వం తీసుకుందామనుకున్నాడు. దానికి 'లైఫ్ ఇన్ ది యూకే' పరీక్ష పాసవ్వాలి. నేను అంతకు రెండేళ్ళ ముందే పాసయ్యాను కాబట్టి నేనే మాస్టార్ని. ఒక పరాయి దేశం వాడు ఇంకో పరాయి దేశం వాడికి బ్రిటిష్ సంస్కృతి నేర్పడం అన్నమాట :-)

ఇక్కడ ఐఎల్ఆర్ తెచ్చుకున్నవాళ్ళకి ఈ పరీక్ష సంగతి తెలిసిందే. 24 ప్రశ్నలు, 45 నిమిషాలు, 18 కరెక్టయితే పాస్. 2005 నవంబరులో పౌరసత్వానికీ, 2007 ఏప్రిల్లో శాశ్వత నివాసానికీ దీన్ని తప్పనిసరి చేశారు. మొదట్లో పుస్తకంలో చరిత్ర అధ్యాయం ఉన్నా దాన్నుంచి ప్రశ్నలు అడిగేవాళ్ళు కాదు. బతకడానికి పనికొచ్చే విషయాలే అడిగేవాళ్ళు. 2013లో ఇది తిరగబడింది. నీళ్ళ మీటర్లూ, రైలు టైం టేబుళ్ళూ, ఇంటర్నెట్ వాడకమూ తీసేసి రాజులనీ యుద్ధాలనీ కవులనీ పరీక్షలోకి తెచ్చారు. డరమ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ థామ్ బ్రూక్స్ అదే ఏడాది ఒక నివేదికలో దీన్ని నాసిరకం పబ్ క్విజ్‌తో పోల్చాడు. ఆయన అమెరికా నుంచి వచ్చి ఇదే పరీక్ష రాసి పౌరుడైన మనిషి, కాబట్టి ఊరికే అన్న మాట కాదు.

నాకు ఆ మాట సరిగ్గా అర్థమయింది మాత్రం ఒక ప్రశ్న దగ్గర.

"బ్రిటన్లో మొదటి కర్రీ హౌస్ పెట్టిందెవరు?"

"షేక్ దీన్ మహమ్మద్, 1810, జార్జ్ స్ట్రీట్." రెండు సెకన్లలో చెప్పేశాడు. కరెక్టే. తర్వాతి ప్రశ్నకి పోబోతుంటే ఆపి, "ఇంతకీ ఎవరాయన? మీవాడే కదా?" అన్నాడు.

నాకు తెలీదు! రెండేళ్ళ క్రితం నేనూ ఆ ఒక్క ముక్కే బట్టీ పట్టి మార్కు కొట్టేశాను. సిగ్గేసి ఆ రాత్రి కూర్చుని చదివాను.

ఆయన 1759లో పాట్నాలో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో చేశాడు. 1784లో ఐర్లండ్ చేరి, అక్కడి జేన్ డేలీ అనే అమ్మాయిని లేచిపోయి పెళ్ళి చేసుకున్నాడు. 1794లో తన ప్రయాణాల గురించి పుస్తకం రాశాడు. ఒక భారతీయుడు ఇంగ్లీషులో అచ్చేయించిన మొదటి పుస్తకం అదే. తర్వాత లండన్ వచ్చి 'హిందుస్తానీ కాఫీ హౌస్' పెట్టాడు. పేరుకి కాఫీ, అసలు సరుకు కూరలూ హుక్కాలూ. 1812కల్లా దివాళా. అంటే మనం ఘనంగా మార్కు కొట్టే ఆ హోటలు రెండేళ్ళకే అప్పులపాలయింది! ఆయన మాత్రం బ్రైటన్ వెళ్ళి ఆవిరిస్నానాల శాల పెట్టి మాలిష్ చేసి పేరు తెచ్చుకున్నాడు. నాలుగో జార్జ్ రాజుకి కూడా ఆయనే మాలిష్ నిపుణుడు. మనం వాడే షాంపూ అన్న మాట హిందీ 'చాంపో' నుంచి వచ్చిందే. 1851లో బ్రైటన్లోనే పోయాడు.

మర్నాడు ఇదంతా చెప్తే మావాడు శ్రద్ధగా విన్నాడు. విని, "సరే, ఇప్పుడు నా ప్రశ్న. నువ్వు రోజూ ఏ-40 రోడ్డు మీద వస్తావు కదా, నార్తోల్ట్ దగ్గర 'పోలిష్ వార్ మెమోరియల్' అని బోర్డుంటుంది. అదేంటి?" అన్నాడు.

నాకు అది రేడియోలో ట్రాఫిక్ జామ్ అని చెప్పే చోటు. అంతే!

తనే చెప్పాడు. 1940లో జర్మనీ విమానాలు బ్రిటన్ మీద పడ్డప్పుడు 145 మంది పోలిష్ పైలట్లు బ్రిటన్ తరఫున పోరాడారు. నార్తోల్ట్ నుంచి ఎగిరిన 303 స్క్వాడ్రన్, హరికేన్ విమానాల స్క్వాడ్రన్లన్నిటిలో ఎక్కువ శత్రువిమానాలు కూల్చిందన్న పేరు తెచ్చుకుంది. యుద్ధం అయ్యాక 1945 జులైలో బ్రిటన్ లండన్లోని పోలిష్ ప్రవాస ప్రభుత్వానికి గుర్తింపు తీసేసింది. 1946లో లండన్లో విజయోత్సవ ఊరేగింపు జరిగితే అందులో ఈ పోలిష్ సేనలు లేవు. కొద్దిమంది పైలట్లని పిలిచారు, మావాళ్ళందర్నీ పిలవనప్పుడు మేమూ రామని వాళ్ళు మానేశారు. మళ్ళీ 1947లో చట్టం చేసి, తిరిగి వెళ్ళలేని రెండు లక్షల మంది పోలిష్ సైనికులు ఇక్కడే ఉండొచ్చన్నది కూడా ఈ దేశమే. స్మారకం పెట్టింది 1948లో.

"మర్యాదా అవమానమూ రెండూ చేశారు. ఒక్క మార్కు ప్రశ్నలో రెండూ పట్టవు" అన్నాడు.

పక్క టేబుల్ నుంచి మా ఇంగ్లీషు టెస్ట్ లీడ్ ఇదంతా వింటున్నాడు. పుట్టి పెరిగిందంతా ఇక్కడే. దీన్ మహమ్మదూ తెలీదు, 303 గురించీ తెలీదు. ఆయన్ని ఎవరూ పరీక్ష పెట్టరు కదా!

2020 జులైలో వందకు పైగా చరిత్రకారులు, బానిసత్వం గురించీ సామ్రాజ్యం గురించీ ఈ పుస్తకం చెప్పేది తప్పుదారి పట్టించేలా ఉందని హోం ఆఫీసుకి బహిరంగ లేఖ రాశారు. న్యాయమైన గొడవే. కానీ పుస్తకం మారితే సరిపోతుందా అంటే నాకు నమ్మకం లేదు. మన భాషలో చెప్పాలంటే క్విజ్ అనేది ఇండెక్స్ లాంటిది. వెతుక్కోవడానికి పనికొస్తుంది. టేబుల్లో డేటా లేకుండా ఇండెక్స్ ఒక్కటే ఉంటే ఏం లాభం? అలాగని ఇండెక్స్ పారేయమనీ అనను. ఆ 1810 అన్న అంకె లేకపోతే మావాడు "ఎవరాయన?" అని అడిగేవాడే కాదు, నేను చదివేవాణ్ణే కాదు.

మావాడు పాసయ్యాడు. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఏ-40 పక్కన కారు ఆపించాడు. ఇన్నేళ్ళలో నేను అక్కడ దిగడం అదే మొదటిసారి. రాతి మీద చెక్కిన పేర్లు చదువుతూ చాలాసేపు నిలబడ్డాడు, నేనూ నిలబడ్డాను.

తర్వాతి నెల బ్రైటన్ పోయాం. నాలుగో జార్జ్ ఇండియా ఫక్కీ గుమ్మటాలతో కట్టించుకున్న పెవిలియన్, మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ మన సైనికులకి ఆసుపత్రి అయింది. ఊరి బయట కొండమీద 'ఛత్రీ' ఉంది. ఆసుపత్రుల్లో చనిపోయిన 53 మంది హిందూ, సిక్కు సైనికులకి అక్కడే దహనం చేశారు. ఈసారి చెప్పాల్సిన వంతు నాది. ముందే చదువుకుని వెళ్ళాను లెండి.